గుడ్డలంగడి అద్దం

మా నాన్న చాకలిపేటలో ఒక గుడ్డలంగడిలో పనిచేస్తారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న ఇత్తడి అద్దం ఉంటుంది. మడత పెడితే అగ్గిపెట్టెకన్నా చిన్నది. విప్పితే కింద అంగుళం చదరం కిటికీ, పైన భూతద్దం. దాన్ని బట్టమీద పెట్టి, కన్ను దగ్గరగా ఆనించి, అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెడతారు. బట్ట అమ్మేవాడు ఎన్ని మాటలు చెప్పినా ఆ అద్దం అబద్ధం చెప్పదని నాన్న నమ్మకం.

చిన్నప్పుడు ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి కాస్త నడుం వాల్చగానే ఆ అద్దం నా చేతిలో ఉండేది. ఉప్పుకల్లు, చీమ, నాన్నమ్మ చేతిమీది ముడతలు, గోడమీద తడికి పట్టిన బూజు, ఏది దొరికితే అది చూసేదాన్ని. పదో తరగతి అయ్యాక జీవశాస్త్రం గ్రూపు తీసుకోవాలని చాలా ఆశపడ్డాను. మార్కులు కొంచెం తగ్గాయి. ఆ గ్రూపుకి కట్టాల్సిన డబ్బు మాత్రం కొంచెం కాదు. చరిత్ర గ్రూపులో చేరిపోయాను. ఇప్పుడు బి.ఏ. చరిత్ర రెండో సంవత్సరం. మన తెలుగు శాఖకి ఎక్కే మెట్ల పక్కనే జంతుశాస్త్రం వాళ్ళ ప్రయోగశాల ఉంది కదా, రోజూ దాని ముందునుంచే వస్తాను. కిటికీలోంచి చూస్తే సూక్ష్మదర్శినులు ముసుగులు కప్పుకుని వరసగా కూర్చుని ఉంటాయి. వాటిని మనకి ఎవరూ కాదనలేదు. మన టైంటేబుల్లో ఆ గదికి చోటు లేదు, అంతే.

ఈ ఏడాది యూరప్ చరిత్ర పేపరుకి డచ్చి వర్తకుల గురించి చదువుతుంటే ఒక గుడ్డల వర్తకుడు తగిలాడు. ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. స్కూలు పుస్తకంలో సూక్ష్మదర్శిని దగ్గర బ్రాకెట్లో ఒక పేరుగా చూశాను గానీ, ఆయనది గుడ్డలంగడి అని అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఒక్క పాఠమైనా మరిచిపోయేదాన్ని కాదు. అందుకే ఈసారి గోడపత్రికకి కవిత బదులు ఆయన కథ రాస్తున్నాను. ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

లీవెన్‌హుక్ 1632 అక్టోబరు 24న హాలండు దేశంలోని డెల్ఫ్ట్ ఊళ్ళో పుట్టారు. తండ్రి బుట్టలు అల్లేవాడు. ఆయనకి ఐదేళ్ళప్పుడే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పిల్లవాడు కొన్నాళ్ళు వేరే ఊళ్ళో బడికి, కొన్నాళ్ళు బంధువుల ఇంట్లో పెరగడానికి వెళ్ళాడు. పదహారో ఏట ఆమ్‌స్టర్‌డాంలో ఒక గుడ్డల వర్తకుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు. ఆ రోజుల్లో శాస్త్రం అంతా లాటిన్ భాషలో ఉండేది, ఆ భాష ఆయనకి రాదు. వచ్చినదల్లా ఇంట్లో, వీధిలో, అంగట్లో మాట్లాడే డచ్చి ఒక్కటే.

1654లో సొంత ఊరికి తిరిగొచ్చి, బార్బరా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుని, ఇల్లు కొనుక్కుని, అందులోనే అంగడి పెట్టారు. గుడ్డలు, గుండీలు, రిబ్బన్లు అమ్మేవారు. ఐదుగురు పిల్లలు పుట్టారు. నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలింది మరియా ఒక్కతే. 1666లో భార్య కూడా పోయింది. తర్వాత ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు గానీ, ఆ రెండో ఆమె కూడా 1694లో పోయింది. ఆఖరిదాకా ఆయన పక్కన ఉన్నది మరియానే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. పుస్తకాల్లో ఆమె గురించి ఒకటి రెండు వాక్యాలకి మించి ఉండదు. కానీ ఆ ఇంట్లో దీపం పెట్టిందీ, వచ్చిన పెద్దమనుషులకి తలుపు తీసిందీ ఆమే అయి ఉండాలి కదా అనిపిస్తుంది నాకు.

1660లో ఆయనకి నగర సభ భవనంలో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. న్యాయాధికారులు కూర్చునే గదిని చూసుకునే పని. తర్వాత భూమి కొలిచే సర్వేయరు పరీక్ష పాసయ్యారు. ఆ తర్వాత ద్రాక్షసారా పీపాలు కొలిచే పని కూడా ఇచ్చారు. అంటే జీవితమంతా కొలతలే. పోగుల లెక్క, పొలం లెక్క, పీపా లెక్క. ఊళ్ళో నమ్మకస్తుడని పేరుంది. అదే ఊళ్ళో, అదే 1632లో, కొద్ది రోజుల తేడాతో పుట్టిన చిత్రకారుడు వెర్మీర్ అప్పులతో చనిపోతే, ఆ ఆస్తి లెక్కలు చూడమని నగరం వాళ్ళు అప్పజెప్పింది మన గుడ్డల వర్తకుడికే.

ఈ ఉద్యోగాల వల్ల తిండికి లోటు లేకుండా, చేతిలో కాస్త తీరిక మిగిలింది. ఆ తీరికలోంచే ఆయన ప్రయోగశాల పుట్టింది. దానికి రాజు డబ్బివ్వలేదు, విశ్వవిద్యాలయం గది ఇవ్వలేదు. ఇంట్లో ఒక గది, వెలుతురు వచ్చే కిటికీ, గాజు ముక్కలు, ఇత్తడి రేకులు. అంతే సరంజామా.

అప్పట్లో గుడ్డల వర్తకులు పోగులు చూడటానికి భూతద్దం వాడేవాళ్ళు. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినితో చూసినవాటి బొమ్మలతో పెద్ద పుస్తకం ఒకటి వేశాడు. అందులో పేను, ఈగ కళ్ళతోబాటు పట్టుబట్ట, నారబట్ట పోగులు కూడా పెద్దవిగా గీసిన బొమ్మలు ఉన్నాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళకి లీవెన్‌హుక్ ఇంగ్లండు వెళ్ళివచ్చారు. ఆ పుస్తకం ఆయన కంట పడే ఉంటుందని చరిత్రకారులు అనుకుంటారు. గుడ్డలు అమ్మేవాడి కంట పట్టుపోగుల బొమ్మ పడితే ఊరుకుంటాడా!

హుక్ లాంటివాళ్ళ దగ్గరున్నవి గొట్టాల సూక్ష్మదర్శినులు. రెండు మూడు కటకాలు ఒకదాని వెనక ఒకటి పెట్టి చేసేవి. ఎక్కువ పెద్దది చేసి చూడబోతే బొమ్మ మసకబారి, అంచుల చుట్టూ రంగులు వచ్చేవి. లీవెన్‌హుక్ దారి వేరు. ఒక్కటే కటకం, ఆవగింజంత. రెండు పలచని ఇత్తడి రేకుల మధ్య చిన్న రంధ్రంలో దాన్ని ఇరికించారు. వెనకవైపు ఒక సన్నటి ముల్లు. చూడాల్సిన వస్తువు ఆ ముల్లు కొనమీద ఉంటుంది. మరలు తిప్పుతూ దాన్ని పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి. మొత్తం పరికరం రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు. కంటికి దాదాపు తగిలేటట్టు పెట్టుకుని వెలుతురుకేసి చూడాలి. కటకం ఎంత చిన్న గుండ్రమైతే అంత పెద్దగా చూపిస్తుంది. ఇప్పుడు మిగిలిన వాటిలో బాగా శక్తి ఉన్నది ఇంచుమించు 270 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అది నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఉంది.

ఒక వస్తువు ముల్లుమీద చక్కగా కుదిరిందంటే దాన్ని తీసేవారు కాదు. దాన్ని అలాగే ఉంచేసి, ఇంకో వస్తువుకి ఇంకో సూక్ష్మదర్శిని చేసుకునేవారు. అలా జీవితంలో 500కి పైగా కటకాలు చేశారు. బొమ్మలు గీయడం తనకి చేతకాదని తెలుసు గనక, డబ్బిచ్చి చిత్రకారులచేత గీయించేవారు.

1673లో డెల్ఫ్ట్ ఊరి వైద్యుడు రైనియర్ డె గ్రాఫ్ లండన్లోని రాయల్ సొసైటీకి ఈయన గురించి ఉత్తరం రాశాడు. విచిత్రం ఏమిటంటే, అప్పుడు ఇంగ్లండుకీ హాలండుకీ యుద్ధం నడుస్తోంది. అయినా ఉత్తరం చేరింది, దాన్ని అచ్చు వేశారు. బూజు, తేనెటీగ ముల్లు, పేను, ఇవీ లీవెన్‌హుక్ మొదటి ఉత్తరంలో సంగతులు. గోడమీద బూజు, తలలో పేను! ఇంట్లో దొరికేవే. నేను నాన్న అద్దంతో చూసినవి కూడా అవే కదా అని అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

మరుసటి ఏడు ఊరికి కాస్త దూరంలో ఉన్న ఒక చెరువు నీళ్ళు సీసాలో తెచ్చారు. ఎండాకాలంలో ఆ నీళ్ళు మసకగా, పచ్చగా మారతాయి. మంచు కురవడం వల్ల అలా అవుతుందని ఊళ్ళోవాళ్ళు అనేవాళ్ళు. ఆయన ఆ మాట నమ్మనూ లేదు, కాదననూ లేదు. ఒక చుక్క తీసి చూశారు. పాములా మెలికలు తిరిగిన పచ్చటి తీగలు, వాటి మధ్య చకచకా తిరిగే చిన్న చిన్న ప్రాణులు కనిపించాయి. అలాంటి ప్రాణులు ఉన్నాయని అంతకుముందు మనిషికి తెలియదు.

తర్వాతది మిరియాల కథ. మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుంది? దానికి సన్నటి ముళ్ళలాంటివి ఉండి నాలుకని గుచ్చుతాయేమోనని ఆయన ఊహ. మిరియాలు మెత్తబడితే చూడటం తేలికని నీళ్ళలో నానబెట్టారు. దాదాపు మూడు వారాలు గడిచాక 1676లో ఒకరోజు ఆ నీళ్ళు చూశారు. ముళ్ళు లేవు గానీ, లెక్కలేనన్ని ప్రాణులు ఉన్నాయి. అందులో కొన్ని ఎంత చిన్నవంటే, చెరువు నీళ్ళలో చూసినవి వాటి పక్కన ఏనుగులు. వాటినే ఇప్పుడు మనం బాక్టీరియా అంటున్నాం. మా అమ్మది తమిళం ఇల్లు. ఈ కథ చెప్తే, ఓ, ఆయన మిళగుతణ్ణి పెట్టుకున్నాడా అని నవ్వింది. మా ఇంట్లో జలుబు చేస్తే ఇప్పటికీ అదే మందు.

ఈ మిరియాల్లో మనకీ ఒక పోగు ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. దాని ఆరు శాఖల్లో ఒకటి డెల్ఫ్ట్‌లోనే ఉండేది. ఆ కంపెనీ మచిలీపట్నంలో, మన చెన్నైకి దగ్గరలోని పులికాట్లో స్థావరాలు పెట్టి, ఈ తీరంలోని తెలుగు, తమిళ నేతగాళ్ళు నేసిన బట్టలు కొనేది. ఆ బట్టలు తూర్పుదీవులకి తీసుకుపోయి, వాటికి బదులు మిరియాలు, లవంగాలు తెచ్చుకునేది. కాబట్టి ఆయన గిన్నెలో నానిన మిరియాలకి మారుగా వెళ్ళిన బట్ట ఏ మన నేతగాడి మగ్గంమీద నేసిందో అయినా కావచ్చు. నాన్నకి ఈ మాట చెప్తే, ఆ బట్ట అంగుళానికి ఎన్ని పోగులో అన్నారు. ఆయన ధోరణి ఆయనది.

లండన్ పెద్దలు మిరియాల నీళ్ళ ఉత్తరాన్ని వెంటనే నమ్మలేదు. అందులో తప్పేమీ లేదు. లాటిన్ రాని అంగడివాడు, ఒక నీటిచుక్కలో ఒక దేశం జనాభా అంత జీవాలున్నాయంటే ఎవరు నమ్ముతారు? ఆయన కోపగించుకోలేదు. ఊళ్ళోని మర్యాదస్తుల్ని, పాదిరీల్ని, నోటరీని పిలిచి, తన అద్దంలోంచి చూడమని, చూసినది కాగితంమీద రాసి సంతకం పెట్టమని అడిగారు. ఎనిమిదిమంది సాక్ష్యం లండన్ వెళ్ళింది. అక్కడ రాబర్ట్ హుక్ కూడా మిరియాలు నానబెట్టి తంటాలు పడి, 1677 నవంబరులో ఆ ప్రాణుల్ని అందరికీ చూపించాడు. 1680లో రాయల్ సొసైటీ లీవెన్‌హుక్‌ని తన సభ్యుడిగా ఎన్నుకుంది.

ఆ తర్వాత ఆయన చూడనిది లేదు. ఎర్ర రక్తకణాలు, వీర్యకణాలు, చేప తోకలో సన్నటి నాళాల్లోంచి రక్తం పరుగెత్తడం, అన్నీ చూశారు. 1683లో తన పళ్ళ పాచి గీకి చూశారు. రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకునే అలవాటున్న మనిషి. అయినా ఆ పాచిలో బారులు బారులుగా ప్రాణులు. ఇద్దరు ఆడవాళ్ళ పాచి, ఒక పిల్లవాడి పాచి, పుట్టి బుద్ధెరిగి పళ్ళు తోముకోని ఒక ముసలాయన పాచి కూడా అడిగి తీసుకుని చూశారు. కొన్నేళ్ళ తర్వాత ఒకసారి ముందుపళ్ళ మీద ప్రాణులు కదలకపోతే, పొద్దున్నే తాగే వేడి కాఫీవల్ల చచ్చి ఉంటాయని తీర్మానించారు. పేలు ఎలా పెరుగుతాయో తెలుసుకోవాలని వాటిని మేజోడులో వేసి, ఆ మేజోడు కాలికే వేసుకుని రోజుల తరబడి తిరిగారు. గుడ్లు పెట్టి పిల్లలయ్యాక మాత్రం ఓర్చుకోలేక దాన్ని వీధిలోకి విసిరేశారు. ప్రయోగానికి జంతువులూ పంజరాలూ కొనే డబ్బు లేనివాడు తన కాలినే పంజరం చేసుకున్నాడన్నమాట.

నాకు అన్నింటికన్నా నచ్చింది ఆయన భాష. రాయల్ సొసైటీకి 200 దగ్గరగా ఉత్తరాలు రాశారు. అన్నీ తన డచ్చిలోనే. పండితుల మాటలు లేవు. ఈ ప్రాణి ఇసుకరేణువులో ఎన్నో వంతు, పేను కంటికన్నా ఎంత చిన్నది, ఇలా ఇంట్లో ఉన్న వస్తువులతోనే కొలతలు. అర్థం కావాల్సినవాళ్ళు లండన్లో అనువాదం చేయించుకుని అచ్చు వేసుకున్నారు. మన సంగతి చూడండి. నాన్నమ్మతో తెలుగు, అమ్మతో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది బడి కాదు, నాన్నమ్మ. తెలుగంటే వంటింట్లో మాట్లాడుకోవడానికీ, పండగకి పద్యం చదవడానికీ తప్ప శాస్త్రానికి పనికిరాదని నేనూ అనుకునేదాన్ని. ఆయన ఉత్తరాల సంగతి చదివాక ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు.

ఆయన పేరు దేశాలు దాటింది. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ డెల్ఫ్ట్ దగ్గర కాలువలో పడవ ఆపి ఆయన్ని పిలిపించుకున్నాడు. లీవెన్‌హుక్ ఆయనకి పాములాంటి ఒక చేప తోకలో రక్తం పారడం చూపించారు. రోజూ ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మంచి కథే. కానీ ఆపలేను.

వచ్చినవాళ్ళకి ఆయన మామూలు రకం సూక్ష్మదర్శినుల్లోంచే చూపించేవారు. మంచివి చేతికిచ్చేవారు కాదు. అన్నింటికన్నా చిన్న ప్రాణుల్ని ఎలా చూస్తున్నారో, ఆ కటకాలు ఎలా చేస్తున్నారో ఎవరికీ చెప్పలేదు. ఒక్కటి కూడా అమ్మలేదు. జర్మనీ పండితుడు లైబ్నిట్జ్ ఉత్తరం రాసి, కుర్రవాళ్ళని కొందరిని చేరదీసి ఈ విద్య నేర్పమని బతిమాలాడు. అప్పటికి లీవెన్‌హుక్‌కి ఎనభై దాటాయి. ఆయన ఒప్పుకోలేదు. చదువుకునేవాళ్ళకి డబ్బుమీదా పేరుమీదా ఉన్న ఆశ దీనిమీద ఉండదని, ఇంత ఓపిక ఉన్నవాళ్ళు వెయ్యిమందిలో ఒకరు కూడా దొరకరని ఆయన అభిప్రాయం.

1723 ఆగస్టు 26న, 90 ఏళ్ళ వయసులో ఆయన పోయారు. మంచంమీద ఉన్నప్పుడు కూడా తన జబ్బు ఎలా వస్తోందో గమనించి రాయించారు. స్నేహితుడిని పిలిపించి చివరి ఉత్తరాలని లాటిన్లోకి మార్చి పంపమన్నారు. 26 వెండి సూక్ష్మదర్శినుల్ని రాయల్ సొసైటీకి రాసిపెట్టి పోయారు. మరియా వాటిని భద్రంగా పంపించింది. డెల్ఫ్ట్ పాత చర్చిలో తండ్రికి స్మారకం కట్టించింది. మిగతావన్నీ బతికినన్నాళ్ళు కాపాడి, 1745లో తనూ పోయింది. రెండేళ్ళకి అన్నీ వేలం వేసేశారు. లండన్లోని 26 కూడా వంద పైచిలుకు సంవత్సరాల తర్వాత ఎక్కడికి పోయాయో పోయాయి. 500 కటకాల్లో ఇప్పుడు మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే.

ఆయనకి శిష్యులు లేరు కాబట్టి ఆ చూపు ఆయనతోనే ఆగిపోయింది. ఆ చిన్న ప్రాణులకీ మన జబ్బులకీ సంబంధం ఉందని పాశ్చర్, కోక్ లాంటివాళ్ళు గట్టిగా నిరూపించేసరికి 19వ శతాబ్దం రెండో సగం వచ్చింది. మధ్యలో 150 ఏళ్ళకి పైనే. అన్ని ఏళ్ళూ ఆయన ఒక్కడి వల్లే పోయాయని అనను. మంచి గాజు కావాలి, వేరే ప్రశ్నలు పుట్టాలి. కానీ నలుగురికి నేర్పి ఉంటే, ఆ నలుగురు ఇంకో నలుగురికి నేర్పి ఉంటే అన్న ఆలోచన మాత్రం వదలడం లేదు.

ఇంకో సంగతి చదివాక నవ్వూ బాధా రెండూ వచ్చాయి. 2021లో డచ్చి పరిశోధకులు ఆ యూట్రెక్ట్ సూక్ష్మదర్శినిని విప్పకుండానే న్యూట్రాన్ కిరణాలతో లోపలి కటకం ఆకారం చూశారు. అది అరగదీసి చేసింది కాదు. గాజుని మంటలో కరిగించి, సన్నటి పోగులా సాగదీసి, ఆ పోగు కొసని మళ్ళీ మంటలో పెడితే అది తనంతట తనే పూసలా గుండ్రంగా తయారవుతుంది. అలా చేసిన పూస అది. ఆ పద్ధతి ఎక్కడ ఉంది? హుక్ 1665లో అచ్చువేసిన పుస్తకం ముందుమాటలోనే ఉంది! ఒకరు అందరికోసం రాసిపెట్టినదాన్ని తీసుకుని, ఇంకెవరికీ చెప్పకుండా మూడు వందల ఏళ్ళకి పైగా రహస్యంగా మిగిల్చారు.

నాకు ఆయనమీద కోపం రాలేదు. ఎందుకో చెప్తానన్నాను కదా, ఆ కారణం ఇదే.

ఈ వేసవి సెలవుల్లో నేను ఒక సూక్ష్మదర్శిని చేసుకున్నాను. పాడైపోయిన లేజర్ లైటులోంచి చిన్న ప్లాస్టిక్ కటకం తీసి ఫోను కెమెరాకి అంటించాను. మందారం పుప్పొడి ముళ్ళ బంతుల్లా కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాలేజీ తెరిచాక మన క్లాసులోనే ఒక స్నేహితురాలు ఆ ఫోటో చూసి, ఎలా తీశావు, నాకూ చేసిపెట్టవా అని అడిగింది. కటకం పోయిందని అబద్ధం చెప్పాను. అది అప్పుడు నా సంచీలోనే ఉంది. ఎందుకలా చెప్పానంటే, జీవితంలో మొదటిసారి నా దగ్గర మాత్రమే ఉన్నది ఒకటి దొరికింది. ఆ గది కిటికీ బయట నిలబడ్డ పిల్లని నేను. లోపలికి రాగానే తలుపు వేసేశాను.

లీవెన్‌హుక్ వేలం సంగతి చదివిన రోజు ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కటకం ఏదీ అని చెయ్యి చాపింది. ఇప్పుడు మేం నలుగురం. మన శాఖ వరండా చివర కిటికీ దగ్గర పాత బల్ల వాడుకోవడానికి మేడమ్ ఒప్పుకున్నారు. మొత్తం ఖర్చు రెండు వందల రూపాయలు దాటలేదు. ఎలా చేయాలో రాస్తున్నాను, ఎవరైనా చేసుకోవచ్చు.

పాత లేజర్ లైటు ఒకటి తీసుకుని ముందు బ్యాటరీలు తీసేయండి. వెలుగుతుండగా దానిలోకి ఎప్పుడూ చూడకండి. ముందు భాగం విప్పితే కందిగింజంత కటకం వస్తుంది. దాన్ని జడపిన్ను రెండు కాళ్ళ మధ్య ఇరికించి, ఫోను కెమెరా కంటికి సరిగ్గా ఎదురుగా టేపుతో అంటించండి. ఒకవైపు సరిగా కనిపించకపోతే కటకాన్ని తిప్పి పెట్టండి. రెండు పుస్తకాల దొంతరల మీద గాజు పలక పెట్టి, కింద టార్చి లైటు వేయండి. చూడాల్సింది గాజుమీద ఉంచి, ఫోను దానికి బాగా దగ్గరగా తేవాలి. బియ్యపుగింజ పొడవు దూరంలో బొమ్మ తేటపడుతుంది. చేయి వణికితే ఏమీ కనబడదు, అందుకే ఫోనుకి కూడా అటూ ఇటూ పుస్తకాల ఆసరా కావాలి. ఉల్లిపొర, పుప్పొడి, ఉప్పుకల్లు, చీర పోగు బాగా కనిపిస్తాయి. దీనితో బాక్టీరియా కనబడదు, అది ముందే చెప్తున్నాను. దానికి లీవెన్‌హుక్ గాజుపూస కావాలి. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్, ఆయన బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితం సూక్ష్మదర్శిని అలాంటి చిన్న కటకంతోనే పనిచేస్తుంది. దాన్ని వాళ్ళు దాచుకోలేదు, ఎలా చేశారో అంతా బయటపెట్టారు. ఆ పూస చేయడం మా తర్వాతి పని. మంట దగ్గరి పని కాబట్టి తెలిసినవాళ్ళు పక్కన లేకుండా మొదలుపెట్టం.

బల్ల దగ్గర కొన్ని నియమాలు పెట్టుకున్నాం. చెరువు నీళ్ళు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ బల్లమీద టిఫిన్ డబ్బా తెరవకూడదు. రక్తం, చీము, కఫం లాంటివి ఎవరూ తేకూడదు. చూసిన ప్రతిదీ తేదీ వేసి నోటుపుస్తకంలో రాయాలి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, ఏది వస్తే అందులో. బొమ్మ రానివాళ్ళకి వచ్చినవాళ్ళు గీసిపెట్టాలి.

పోయిన సోమవారం ఒక గాజు గ్లాసులో మిరియాలు నానబెట్టాం. నాన్నమ్మ ఇచ్చిన మిరియాలే. రెండు వారాలు దాటాక మూత తీస్తాం. ఆ పెద్ద ప్రాణులైనా కదిలే చుక్కల్లా కనిపిస్తాయని ఆశ. వాసన భరించలేకపోతే ముక్కు మూసుకుని రండి. అంగడినుంచి కాస్త తొందరగా వదిలితే నాన్న కూడా వస్తానన్నారు, తన అద్దంతో సహా.